హాస్టల్లో చదివే పిల్లల ఓటు ఏ ఊళ్లో ఉండాలి?

ఏజెన్సీలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల్లో చాలామందికి ఇల్లు ఒకచోట, ఏడాదిలో ఎక్కువ నెలలు గడిపే హాస్టల్ మరోచోట. పాడేరు, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు, ఎక్కడైనా ఇదే పరిస్థితి. పద్దెనిమిది నిండే వయసుకి కాలేజీలో ఓటరు నమోదు శిబిరం పెడతారు. ఒక్కరోజులో పని ముగించాలి కాబట్టి అందరి ఫారాల్లోనూ హాస్టల్ చిరునామా రాసేస్తే తేలిక. అలా రాయడం తప్పేమీ కాదు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ దానివల్ల ఆ పిల్లలు పోగొట్టుకునేది ఒకటుంది. అది వాళ్లకి చెప్పకుండా ఫారం నింపించడం అన్యాయం అనే మాటే ఈ పోస్టు.

1996లో వచ్చిన పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకి పంచాయతీ వ్యవస్థని విస్తరించిన చట్టం) అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో, అంటే ఏజెన్సీలో, ఊరికి గ్రామసభని ఇచ్చింది. ఆ గ్రామసభలో సభ్యులెవరన్నది కూడా చట్టమే చెప్పింది: ఊరి స్థాయిలో పంచాయతీ ఓటరు జాబితాలో పేరున్నవాళ్లు. ఈ పంచాయతీ జాబితాని అసెంబ్లీ ఓటరు జాబితా నుంచే విడదీసి తయారుచేస్తారు. అంటే అసెంబ్లీ జాబితాలో పేరు పట్నంలోని హాస్టల్ చిరునామాకి వెళ్లిందంటే, సొంత ఊళ్లో సర్పంచి ఎన్నికలో ఓటు పోతుంది, గ్రామసభలో సభ్యత్వమూ పోతుంది. భూసేకరణకి ముందు ఆ సభని గానీ, తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని పెసా చెబుతోంది. రాయి, ఇసుక లాంటి చిన్నతరహా ఖనిజాల లీజుకి ముందు సిఫారసు తీసుకోవాల్సిందీ, చిన్నతరహా అటవీ ఫలసాయం మీద, ఊరి సంత మీద, వడ్డీ వ్యాపారం మీద చట్టం అధికారాలు చెప్పిందీ ఆ సభకీ, ఆ పంచాయతీకే. ఊళ్లో దస్తావేజు చదివి అర్థం చేసుకోగలిగిన కుర్రాళ్లూ అమ్మాయిలూ పట్నం ఓటర్లయిపోతే, ఆ సభలో కాగితం చదివేవాళ్లు ఎవరు మిగులుతారు?

గ్రామసభ మాటకి ఎంత బరువుందో మన పక్కనే ఒడిశాలో కనబడింది. నియంగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకంపై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, అటవీ హక్కుల విషయం గ్రామసభలే పరిశీలించాలంది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అయితే అవి అటవీ హక్కుల చట్టం కింద కూర్చున్న సభలు. ఆ చట్టంలో సభ్యత్వం ఊళ్లోని వయోజనులందరిదీ, ఓటరు జాబితాతో ముడిపెట్టలేదు. పెసాలో ముడి ఉంది. ఈ తేడా సివిక్స్ పాఠంలో తప్పకుండా చెప్పాలి. రెండు చట్టాల సభలనీ ఒకే రోజు ఒకే చెట్టు కింద కూర్చోబెట్టి, ఒకే పుస్తకంలో సంతకాలు తీసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది కాబట్టి మరీ.

"పిల్ల ఊళ్లో ఉండదు కదా, అక్కడ ఎలా రాస్తాం?" అని బీఎల్ఓ (ఊరి ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) అడగడం మామూలే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షనులో దీనికి జవాబుంది. తాత్కాలికంగా బయటికి వెళ్లినంత మాత్రాన మనిషి తన ఊళ్లో సాధారణ నివాసి కాకుండా పోడు. చదువు కోసం వెళ్లడం తాత్కాలికమే. సెలవులకి తిరిగొచ్చేది అక్కడికే, రేషన్ కార్డులో పేరున్నదీ అక్కడే. ఎన్నికల సంఘం కూడా విద్యార్థి తన ఇష్టప్రకారం తల్లిదండ్రుల ఇంటి దగ్గరైనా, హాస్టల్ దగ్గరైనా నమోదు కావచ్చనే చెబుతోంది. హాస్టల్ దగ్గరైతే మాత్రం చదివే కోర్సు గుర్తింపు పొందినదై, కనీసం ఏడాది కాలవ్యవధి ఉన్నదై ఉండాలి. ప్రిన్సిపాల్ గానీ హెడ్‌మాస్టర్ గానీ ఇచ్చే బోనఫైడ్ జతచేయాలి.

హాస్టల్ చిరునామాయే మేలయ్యేవాళ్లూ ఉన్నారు. తల్లిదండ్రులు లేక ఊరితో సంబంధం తెగిపోయినవాళ్లు, కుటుంబమంతా వలస వెళ్లినవాళ్లు, దూరపు నగరంలో నాలుగేళ్ల కోర్సు చదువుతూ పోలింగుకి ఊరు చేరుకోలేనివాళ్లు. వాళ్లకి అదే సరి. చదువు అయ్యాక ఫారం-8తో చిరునామా మార్చుకోవాలని ముందే చెప్పి ఉంచాలి. రెండుచోట్లా ఉంచుకోవడం మాత్రం కుదరదు. అదే 1950 చట్టంలోని 17, 18 సెక్షన్లు దాన్ని ఒప్పుకోవు. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 31వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కుమురం భీం జిల్లా కెరమెరి మండలంలో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవనే సరిహద్దు గ్రామాల పిల్లలకీ, సాలూరు వైపు ఆంధ్రా-ఒడిశా వివాదంలో ఉన్న కోటియా గ్రామాల పిల్లలకీ ఇది ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. ఇంట్లో పెద్దవాళ్లకి రెండు రాష్ట్రాల కార్డులూ ఉండటం చూస్తూ పెరిగినవాళ్లు తమకీ రెండు ఉండొచ్చనుకుంటారు. పెద్దవాళ్ల చిక్కు రాష్ట్రాలు తేల్చని సరిహద్దు వల్ల వచ్చింది. కొత్తగా రాయించుకునే పిల్ల మాత్రం ఒక్కచోటే రాయించుకోవాలి.

ఇక తేదీలు. ఓటరుగా చేరాలంటే అర్హత తేదీకి పద్దెనిమిది నిండి ఉండాలి. 2022 ఆగస్టు 1 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. అంతకుముందు జనవరి 1 ఒక్కటే. జనవరి 2న పుట్టినవాళ్లు దాదాపు ఏడాదంతా ఆగేవాళ్లు. ఇప్పుడు 2008 ఆగస్టు 12న పుట్టిన పిల్లకి 2026 అక్టోబరు 1 అర్హత తేదీ. 2008 అక్టోబరు 3న పుట్టిన పిల్లాడికి 2027 జనవరి 1. పదిహేడు దాటినవాళ్లు ముందస్తుగా కూడా కొత్త ఓటరు నమోదుకి వాడే ఫారం-6 ఇవ్వొచ్చు. ఏటా జాబితా సవరణలో ముసాయిదా వెలువడినప్పుడు, రాబోయే మూడు తేదీల్లో ఏదో ఒకదానికి పద్దెనిమిది నిండేవాళ్లవి తీసుకుని ఉంచుతారు, ఆ తేదీ వచ్చాక పరిశీలిస్తారు. గురుకులాల్లో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి ఇది చాలా పనికొస్తుంది. మార్చిలో పరీక్షలు అయ్యాయంటే ఎవరెక్కడికి పోతారో తెలియదు. అందరూ ఒకచోట ఉన్నప్పుడే ఫారాలు పూర్తిచేయాలి.

దీనికి దసరా సెలవులని వాడుకోవడం మంచి పద్ధతి. సెలవులకి వెళ్లేటప్పుడు ప్రతి పిల్ల చేతికీ ఒక చీటీ ఇవ్వండి: అమ్మ లేదా నాన్న ఓటరు కార్డు ముందూ వెనకా నకలు తేవాలి, కుదరకపోతే కార్డు మీది ఎపిక్ నంబరు రాసుకు రావాలి. ఫారం-6లో అదే చిరునామాలో ఇప్పటికే ఓటు ఉన్న కుటుంబ సభ్యుల వివరాలు రాసే చోటు ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మైదానంలో అయితే ఇంటి నంబరు చూసి ఎలాగో సర్దుతారు. కొండమీద గూడేనికి ఇంటి నంబరే ఉండకపోవచ్చు. రెవెన్యూ గ్రామం పేరు ఒకటి, పంచాయతీ పేరు ఒకటి, జనం పిలిచే పేరు మరొకటి ఉంటాయి. ఒకే పేరుతో మండలంలో రెండు మూడు గూడేలూ ఉంటాయి. తల్లి ఎపిక్ నంబరు రాయకపోతే పిల్ల పేరు పక్క పోలింగ్ కేంద్రం జాబితాలో పడుతుంది. ఆ పక్క కేంద్రం వాగు అవతల ఉందంటే ఓటు ఉన్నా లేనట్టే. కాబట్టి తల్లి నంబరు రాయాలి, చిరునామాలో గూడెం, పంచాయతీ, మండలం మూడూ విడివిడిగా రాయాలి.

పుట్టిన తేదీ రుజువుకి పదో తరగతి మెమో అన్నిటికంటే గట్టిది. ఆధార్, జనన ధ్రువపత్రం, పాన్ కూడా చెల్లుతాయి. ఇక్కడే పెద్ద తలనొప్పి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది, మెమోలో బడిలో వేసిన తేదీ ఉంటుంది. రెండూ జతచేస్తే పరిశీలనలో ఆగిపోతుంది. మెమో ఒక్కటే పెట్టి, ఫారంలో కూడా ఆ తేదీయే రాయండి. ఆధార్‌ని తర్వాత మెమో ప్రకారం సరిచేయించుకోవచ్చు. పేరు విషయంలోనూ అంతే. ఇంటిపేరు ముందా వెనకా, తెలుగులో ఒకలా ఇంగ్లిషులో ఒకలా ఉందా, మెమోని చూసి ఖరారు చేయండి. కొర్రా, పాంగి, వంతల, కిల్లో లాంటి ఇంటిపేర్లు ఒక గూడెంలో సగం మందికి ఉంటాయి. సొంత పేర్లు కూడా కలిసినప్పుడు, తండ్రి పేరు ఒక్కటే మనిషిని వేరుచేస్తుంది. తండ్రి పేరు తప్పు పడితే రేపు "ఇది డూప్లికేట్" అని కొట్టేయడానికి దారి దొరికినట్టే.

చిరునామా రుజువుకి బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, కరెంటు బిల్లు, ఆధార్, రెవెన్యూ శాఖ భూమి రికార్డు పనికొస్తాయి. పిల్ల పేరు మీద లేకపోతే అదే చిరునామాలో ఓటున్న తల్లి లేదా తండ్రి పేరు మీద ఉన్నా చాలు. ఇవేవీ లేని కుటుంబాలున్నాయి. లేవని ఫారం తీసుకోకుండా తిప్పి పంపకూడదు. ఇంటికి వెళ్లి విచారించి తేల్చుకునే బాధ్యత యంత్రాంగానిది.

ఆన్‌లైన్‌లో ఓటర్ల పోర్టల్, ఎన్నికల సంఘం యాప్ ఉన్నాయి. కానీ ఓటీపీ రావాలి, సిగ్నల్ ఉండాలి. హాస్టల్లో పిల్లలకి ఫోన్ ఉండదు, ఇంటి దగ్గర ఫోన్ ఉన్నా టవర్ అందదు. వార్డెన్ నంబరుతో వందమందివి పెడితే తర్వాత ఏ సందేశం ఎవరిదో తేలదు, వార్డెన్‌కి బదిలీ అయితే అన్నీ పోతాయి. ఇలాంటి చోట కాగితం ఫారమే నయం. ఊరి బీఎల్ఓకి గానీ, సహాయ నమోదు అధికారిగా ఉండే తహసీల్దారు కార్యాలయంలో గానీ ఇచ్చి, ఫారం చివర ఉండే రసీదు ముక్క సంతకంతో తీసుకోవాలి. కాలేజీ శిబిరంలో ఇచ్చిన ఫారాలు వేరే నియోజకవర్గానివైతే అవి సరైన అధికారికి చేరాయా లేదా అని ఒక మాస్టారు వెంటపడి చూసుకోవాలి. సగం ఫారాలు పోయేది ఈ దారిలోనే.

బీఎల్ఓ విచారణకి వచ్చే రోజు పిల్ల ఇంట్లో ఉండదు. అందుకని ఇంట్లోవాళ్లకి ఒక్క మాట నేర్పాలి: "చదువుకోడానికి వెళ్లింది, సెలవులకి వస్తుంది." "ఇక్కడ లేదమ్మా" అని ఊరుకుంటే "లేరు" అనో "వలస" అనో రాసుకుపోతారు. 2025లో బీహార్ ఓటరు జాబితా ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు తప్పిపోయాయి. చెప్పిన కారణాల్లో మరణాలు, రెండుచోట్ల నమోదుతో పాటు శాశ్వతంగా వెళ్లిపోవడం, ఇంటి దగ్గర కనబడకపోవడం కూడా ఉన్నాయి. హాస్టల్ పిల్లలు సులువుగా పడిపోయేది ఆ చివరి గంపలోనే. ముసాయిదా వచ్చినప్పుడు సెలవుకి వెళ్లే ఒక పెద్ద పిల్లాడికి ఊళ్లో హాస్టల్ పిల్లల పేర్ల చిట్టా ఇచ్చి, పోలింగ్ కేంద్రంలో అతికించిన జాబితాతో సరిచూసి రమ్మంటే చాలు. ఉన్న పేరు తీసేయాలంటే ముందు నోటీసివ్వాలి, చెప్పుకునే అవకాశమివ్వాలి. ఫారం-6 తిరస్కరిస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఫిర్యాదుకి 1950 ఫోన్ నంబరు ఉంది.

ఎన్నిక ప్రకటించాక కూడా కొంత వ్యవధి ఉంటుంది. నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందు వరకు వచ్చిన ఫారాలని చూస్తారు. కానీ కొండమీద ఊరికి విచారణకి వెళ్లిరావడానికి ఆ పది రోజులు చాలవు. దాని మీద ఆధారపడొద్దు.

ఊళ్లో ఓటు ఉంచుకోమని చెప్పేవాళ్లు పోలింగ్ రోజు ప్రయాణం సంగతి కూడా చూడాలి. విద్యార్థులకి పోస్టల్ బ్యాలెట్ లేదు. వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటి నుంచే ఓటేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకి చూపించింది, అది అమలులోకి రాలేదు. కాబట్టి పిల్ల ఊరికి వెళ్లాల్సిందే. 2024 మే 13న అరకు, పాడేరు, రంపచోడవరంలో పోలింగ్ సాయంత్రం 4కే ముగిసింది. పాలకొండ, కురుపాం, సాలూరులో 5కి. 2023 నవంబరు 30న తెలంగాణలో ఆసిఫాబాద్, ములుగు, పినపాక, భద్రాచలం సహా 13 నియోజకవర్గాల్లోనూ 4 గంటలే. పంచాయతీ ఎన్నికలైతే ఇంకా తొందర, తెలంగాణలో మధ్యాహ్నం 1కే ఆపేసి 2 నుంచి లెక్కపెడతారు. ఉదయం బస్సెక్కి, ఘాట్ దిగి, చివర ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి వెళ్లే పిల్లకి ఆ వేళలు అందవు. ముందు రోజు మధ్యాహ్నానికే అవుట్‌పాస్ ఇచ్చి పంపాలి. గడువు వేళకి వరుసలో ఉన్నవాళ్లకి చీటీలిచ్చి ఓటు వేయనిస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్లని రానివ్వరు.

కార్డు పోస్టులో వస్తుంది. గూడెందాకా రాక బ్రాంచి పోస్టాఫీసులో ఆగిపోవడం సాధారణం. జాబితాలో పేరుంటే కార్డు లేకపోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పాసుపుస్తకం లాంటివి చెల్లుతాయి. కాలేజీ గుర్తింపు కార్డు చెల్లదు. ఓటరు స్లిప్పు ఒక్కటీ చూపిస్తే కూడా చాలదు. ఈ రెండూ నమ్ముకుని వచ్చి వెనక్కి వెళ్లే కొత్త ఓటర్లు ఎక్కువ. ఊళ్లో లేనివాళ్ల ఓటు ఇంకెవరో వేసేయడం కూడా జరుగుతుంది. అప్పుడు గొడవపడి వెళ్లిపోకుండా "టెండర్డ్ ఓటు" అడగాలి. ప్రిసైడింగ్ అధికారి ప్రశ్నించి, తానే ఆ ఓటరని తేలితే కాగితం బ్యాలెట్ ఇచ్చి, ఓటు వేయించి, విడిగా కవరులో పెడతాడు.

బళ్లో నేర్పడం గురించి. 2018 నుంచి బడుల్లో, కాలేజీల్లో ఓటరు అక్షరాస్యత క్లబ్బులు ఉన్నాయి. చాలాచోట్ల జనవరి 25న ప్రతిజ్ఞ చదివి, ముగ్గుల పోటీ పెట్టి ముగిస్తారు. అది చాలదు. మాదిరి ఎన్నిక పెట్టండి, కానీ నాయకుడి ఎన్నికలా చేతులెత్తించి కాదు. ముగ్గురు పోలింగ్ అధికారులుండాలి: ఒకరు జాబితాలో పేరు చూసి గట్టిగా చదవాలి, ఒకరు ఎడమ చూపుడువేలికి సిరా పెట్టి రిజిస్టరులో సంతకం తీసుకుని చీటీ ఇవ్వాలి, మూడో వ్యక్తి ఆ చీటీ తీసుకుని ఓటు వేయనివ్వాలి. ఇద్దరు ఏజెంట్లు కూర్చుని పేర్లు కొట్టేసుకోవాలి. ఈవీఎం అయితే బటన్ నొక్కాక పక్క పెట్టెలో చీటీ 7 సెకన్లు కనబడుతుందని, అది చూడకుండా బయటికి రావద్దని చెప్పాలి.

అయితే ఏజెన్సీ పిల్లలకి ఈవీఎం కంటే కాగితం బ్యాలెట్ ఎక్కువ నేర్పాలి. పంచాయతీ ఎన్నికలు కాగితంతోనే జరుగుతాయి. సర్పంచికి గులాబి, వార్డు సభ్యుడికి తెలుపు, రెండు బ్యాలెట్లు ఒకేసారి చేతికిస్తారు. స్వస్తిక్ ముద్ర గుర్తున్న గడిలోనే పడాలి. రెండు గడుల మీద పడి ఎవరికో తేలకపోయినా, ఇద్దరికి ముద్ర వేసినా, ముద్ర బదులు వేలిముద్ర పెట్టినా, పేరు రాసినా చెల్లదు. ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవాలి. తిరగేసి మడిస్తే తడి సిరా ఇంకో గుర్తుకి అంటుకుంటుంది. చిన్న వార్డుల్లో గెలుపు ఒకటి రెండు ఓట్లతో తేలుతుంది కాబట్టి చెల్లని ఓటు ఇక్కడ చిన్న విషయం కాదు. సమానం వస్తే చీటీ తీస్తారని కూడా మాదిరిలో చేసి చూపండి.

పిల్లలు ఇంటికి వెళ్లి అవ్వకీ తాతకీ ఇది కువిలోనో, కోయలోనో, గోండిలోనో, సవరలోనో చెప్పగలగాలి. తెలుగులో విని తెలుగులో పరీక్ష రాసింది అక్కడ పనికిరాదు. కాబట్టి మాదిరి ఎన్నిక ఒకసారి పూర్తిగా వాళ్ల భాషలో చేయించండి, మాస్టారికి రాకపోయినా సరే. ఒక హెచ్చరిక: చదువు రాదన్న కారణంతో ఓటరు వెంట మనవడు ఓటేసే గదిలోకి వెళ్లకూడదు. చూపు లేనివాళ్లకీ, యంత్రం నొక్కలేనంత అశక్తులకీ మాత్రమే తోడు, ఆ తోడుకి పద్దెనిమిది నిండాలి, ఒకరు ఒక్కరికే తోడు వెళ్లాలి.

ఇక వయసు రాని తొమ్మిది, పది తరగతుల పిల్లలకి గ్రామసభ పనే అసలైన సివిక్స్ పాఠం. సంక్రాంతికో వేసవికో ఊరెళ్లినప్పుడు పంచాయతీ కార్యదర్శి దగ్గర తీర్మానాల పుస్తకం చూడమనండి: సభ ఏ తేదీన జరిగింది, ఎందరు హాజరయ్యారు, ఏం తీర్మానించారు, సంతకాల్లో ఆ రోజు ఊళ్లో లేనివాళ్లవి ఏమైనా ఉన్నాయా. అటవీ హక్కుల సభ అయితే సభ్యుల్లో సగంమంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఆ లెక్క వాళ్లే వేయగలరు. పుస్తకం చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజుల గడువు. ఆ చట్టం దరఖాస్తుదారుడు పౌరుడేనా అని చూస్తుంది, పద్దెనిమిది నిండాయా అని అడగదు.